పాత ఎయిర్ కూల్డ్ బండికి ఆయిల్ కూలర్ ఉంచాలా, తీసేయాలా: కొలిచి తేల్చుకునే పద్ధతి

పదేళ్లు దాటిన బండికి ఆయిల్ కూలర్ (ఇంజన్ ఆయిల్‌ను గాలి తగిలేలా చేసి చల్లబరిచే రెక్కల పెట్టె) దగ్గర చుక్కలు కారడం మొదలైతే తిరుపతి షెడ్లలో రెండు సలహాలు వినిపిస్తాయి. ఒక మెకానిక్ ‘అది అలంకారమే సార్, తీసేసి ఆయిల్ వెళ్లే, వచ్చే రెండు దారులకూ బోల్టులు బిగించేద్దాం’ అంటాడు. నాలుగు అంగళ్ల అవతల ఇంకొకరు ‘కొండెక్కే బండి కదా సార్, కూలర్ లేకపోతే ఇంజన్ పట్టేస్తుంది’ అంటారు. నా పాత బండి విషయంలో ఈ రెండు మాటలనూ నేను ఒకే వారంలో విన్నాను. ఇద్దరిలో ఎవరూ ఆయిల్ వేడి ఎంతుందో కొలిచి చూడలేదు. మొదటి సలహాను ఉన్నదున్నట్టు పాటిస్తే కొన్ని బండ్ల ఇంజన్ కొద్ది కిలోమీటర్లలోనే పాడైపోతుంది, రెండో సలహా సగమే నిజం. ఏడెనిమిది వందల రూపాయల సరంజామాతో, రెండు మూడు సెలవు రోజులు కేటాయించి, మీ బండికి ఏది సరిపోతుందో మీరే తేల్చుకోవడానికి కింది పద్ధతి ఉపయోగపడుతుంది.

ముందుగా మీ బండి ఏ కోవలోదో చూడండి

ఆర్‌ఎక్స్ 100, పాత యెజ్డీ వంటి టూ స్ట్రోక్ బండ్లకు ఈ ప్రశ్నే లేదు. వాటిలో ఆయిల్ పెట్రోలుతో పాటు కాలిపోతుందే తప్ప, తిరిగి వచ్చి చల్లబడే ప్రయాణం చేయదు. ఫోర్ స్ట్రోక్ బండ్లలో మాత్రం మూడు రకాలను వేరుగా చూడాలి.

మొదటి రకంలో కంపెనీయే గాలితో చల్లబడే ఇంజన్‌కు తోడుగా కూలర్‌ను అమర్చింది. 2007లో వచ్చిన పల్సర్ 200, 220, 2009 నాటి కరిజ్మా జెడ్‌ఎంఆర్, 2016 నాటి హిమాలయన్ ఈ కోవకు చెందుతాయి. రెండో రకంలో ఆయిలే ప్రధాన శీతలకం. 1985లో వచ్చిన సుజుకి జీఎస్‌ఎక్స్-ఆర్ 750, మన దేశంలో 2019లో వచ్చిన జిక్సర్ 250 వంటి ఇంజన్లలో హెడ్ (సిలిండర్ పైభాగం) చుట్టూ ఆయిల్ పారడానికే ప్రత్యేకంగా దారులు తొలిచి ఉంటాయి కాబట్టి, అక్కడ కూలర్‌ను తీయడమంటే కారుకు రేడియేటర్‌ను తీసేయడమే. మీది ఈ రకమైతే ఇక్కడితో ఆలోచన ఆపి, కూలర్‌ను బాగు చేయించుకోండి. మూడో రకం, కంపెనీ ఇవ్వకపోయినా మునుపటి యజమాని ముచ్చటపడి బిగించుకున్నది. పాత బుల్లెట్లకూ 150 సీసీ బండ్లకూ ఇలాంటివి కనిపిస్తాయి. ఈ రకం కూలర్‌ను తీసేయడమే మేలన్నది నా అభిప్రాయం. ఇంజన్‌ను రూపొందించినవారు అది లేకుండానే లెక్కలు కట్టుకున్నారు, పైగా కొత్తగా చేర్చిన ప్రతి అతుకూ ఆయిల్ కారడానికి మరో చోటే.

ఇక మిగిలినది మొదటి రకం, నిజమైన సందేహం ఉన్నది దానికే.

వేడికి వేరే కారణం లేదని నిర్ధారించుకోండి

బండి బాగా వేడెక్కుతోందన్న ఫిర్యాదుతో మీరు కూలర్ వైపు చూస్తున్నట్లయితే, ముందు తేలికగా సరిచేయగలిగినవాటిని చూడండి. కార్బురేటర్‌లో పెట్రోలు పాలు తగ్గి గాలి పాలు ఎక్కువైతే హెడ్ వేడెక్కుతుంది. పట్టి ఉన్న బ్రేకు, జారుతున్న క్లచ్, మితిమీరి బిగించిన చైను ఇంజన్‌తో అదనపు పని చేయిస్తాయి. సిలిండర్ రెక్కల మధ్య గట్టిపడిన బురదనూ, అందం కోసం మందంగా పూసిన ఎనామెల్ పెయింటునూ వదిలించండి. రేణిగుంట వైపు టిప్పర్ల వెనక తిరిగే బండ్లలో ఆయిల్ తడికి అంటుకున్న దుమ్ము రెక్కల మధ్య సిమెంటులా బిగుసుకుపోతుంది. ఇవన్నీ సరిచేసి, మాన్యువల్ చెప్పిన గ్రేడు ఆయిల్‌ను కొత్తగా పోసి, మట్టం సరిగా ఉంచిన తర్వాతే కొలతలు మొదలుపెట్టండి. మట్టం తక్కువగా ఉన్న బండిలో తీసుకున్న కొలతకు విలువ లేదు, ఎందుకంటే ఉన్న కాస్త ఆయిలే మాటిమాటికీ తిరిగి ఎక్కువ వేడిని మోస్తుంది.

కొలిచే సాధనాలు

మీకు కావలసింది ఇంజన్ లోపలి ఆయిల్ వేడి, బయటి లోహం వేడి కాదు. సన్నని తీగ ప్రోబు ఉన్న, ఉష్ణోగ్రత చూపే మల్టీమీటర్ దీనికి చక్కగా పనికివస్తుంది. మిఠాయి పాకం చూడటానికి వాడే, 200 డిగ్రీల వరకు చూపే పొడవాటి థర్మామీటర్ కూడా చాలు. బండిని ఆపి, ఇంజన్ పూర్తిగా ఆగాక, సెంటర్ స్టాండు వేసి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్‌ను (అది లేని బండిలో ఆయిల్ పోసే మూతను) తీసి, ఆ రంధ్రంలోంచి ప్రోబు కొనను ఆయిల్‌లో మునిగేదాకా దించి, అంకె నిలకడగా ఉన్నప్పుడు రాసుకోండి. ఇంజన్ తిరుగుతుండగా ఈ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి, ప్రోబు గేర్లలోకి పోతే అసలు సమస్య చిన్నదైపోతుంది. డిప్‌స్టిక్‌ను చేతిగుడ్డతో పట్టుకోండి. 110 డిగ్రీల ఆయిల్ చర్మానికి అంటుకుంటే నీళ్లలా జారిపోదు.

దూరం నుంచి చూపే గన్ థర్మామీటర్ ఉంటే దాన్నీ ఉంచుకోండి, కానీ దానితో మెరిసే అల్యూమినియంను నేరుగా కొలవకండి. మెరిసే లోహం తన వేడిని సరిగా వెలువరించదు కాబట్టి గన్ చాలా తక్కువ చూపిస్తుంది. క్రాంక్‌కేసు మీద రూపాయి బిళ్లంత మేర వేడిని తట్టుకునే మ్యాట్ నల్ల పెయింటు వేసి అక్కడే గురిపెట్టండి. నల్లని రబ్బరు హోసుల మీద మాత్రం గన్ నమ్మదగిన అంకెనే ఇస్తుంది, ఆ ఉపయోగం తర్వాత చెబుతాను.

మూడు ప్రయాణాలు

కూలర్ యథాతథంగా ఉండగా మూడు రకాల ప్రయాణాలు చేసి, ప్రతిదాని చివరా ఆయిల్ వేడినీ అప్పటి ఎండ వేడినీ రాసుకోండి. ఆయిల్ వేడెక్కడానికి సిలిండర్ కన్నా ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి 20 నిమిషాలకు తక్కువ ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మొదటిది ఊరి రద్దీ. సాయంత్రం వేళ లీలామహల్ కూడలి నుంచి బస్టాండు మీదుగా మీకు అలవాటైన దారిలో తిరగండి. రెండోది రహదారి. పుత్తూరు దాకా గానీ చిత్తూరు వైపు గానీ, పరిమితికి లోబడి ఒకే వేగంతో అరగంట నడపండి. మూడోది కొండ. అలిపిరి దగ్గర బయలుదేరి, పైకి చేరి నిలిపిన వెంటనే కొలవండి.

చాలామంది కొండ దారిలోనే అంకె అన్నిటికన్నా ఎక్కువ వస్తుందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను గానీ, లెక్క వేసి చూస్తే విషయం వేరుగా కనిపిస్తుంది. 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు ఉంటుంది. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్నది దేవస్థానం నిబంధన కనుక, ఎక్కేటప్పుడు సగటు వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటదు. బండీ, ఇద్దరు మనుషులూ కలిపి 300 కిలోలనుకుంటే, ఆ బరువును సుమారు 700 మీటర్ల ఎత్తుకు 28 నిమిషాల్లో మోయడానికి కావలసిన అదనపు శక్తి సుమారు 1200 వాట్లు, అంటే రెండు హార్స్ పవర్ లోపే. గాలినీ రోడ్డునూ నెట్టుకుంటూ వెళ్లే శక్తిని కలిపినా రెండు మూడు కిలోవాట్లలో ఉంటుంది. అదే బండి సమతల రహదారి మీద గంటకు 90 కిలోమీటర్లతో వెళ్లాలంటే సుమారు 7 కిలోవాట్లు కావాలి. ఇంజన్‌లో పుట్టే వేడి కూడా దాదాపు అదే పాళ్లలో పెరుగుతుంది. కాబట్టి వేడి ఎక్కువగా పుట్టేది కొండ మీద కాదు, మే నెల మధ్యాహ్నం రహదారి మీద. కొండ దారిలో ఇబ్బంది పెట్టేది గాలి కొరత: బస్సు వెనక రెండో గేరులో పాకుతున్నప్పుడు, పుట్టిన కొద్దిపాటి వేడిని మోసుకుపోయే గాలి ఉండదు. పైకి వెళ్లేకొద్దీ చల్లబడే వాతావరణం దానికి కొంత సాయం చేస్తుంది. 1944లో తెరిచిన పాత దారిలో దిగేటప్పుడు థ్రాటిల్ మూసి గేరులోనే ఉంచితే ఇంజన్‌లో పెద్దగా పెట్రోలు మండదు కనుక ఆయిల్ కొంత చల్లబడుతుంది కూడా. ఇంజన్‌ను ఆపేసి న్యూట్రల్‌లో జారడం మాత్రం వద్దు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

ఊరి రద్దీ సంగతి ఇంకా విచిత్రమైనది. ఈ చిన్న బండ్ల కూలర్ల వెనక ఫ్యాను ఉండదు. సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు కూలర్ కూడా ఇంజన్ లాగే గాలి కోసం ఎదురుచూస్తుంది. అందువల్ల నిలిచిన రద్దీలో వేడెక్కే బండికి కూలర్ పెద్దగా ఆదుకోదు, అక్కడ చేయగలిగిన మంచి పని ఇంజన్‌ను ఆపేయడమే. కూలర్ తన జీతానికి తగ్గ పని చేసేది గాలి బలంగా తగిలే రహదారి మీదే.

కూలర్‌ను కప్పి మళ్లీ కొలవండి

ఈ పద్ధతికంతటికీ ఆయువుపట్టు ఇదే. కూలర్‌ను విప్పకుండానే, అది లేకపోతే ఏమవుతుందో చూడవచ్చు. కూలర్ ముందు భాగం కొలతకు సరిపడా పలుచని అల్యూమినియం రేకును కత్తిరించి, అంచులు మడిచి, ప్లాస్టిక్ టై లతో కట్టండి. అట్టముక్క వద్దు, సైలెన్సర్ వంపు దగ్గరగా ఉంటే అంటుకుంటుంది. రేకు ఆ వంపుకూ ముందు చక్రానికీ తగలకుండా, హ్యాండిల్‌ను రెండు వైపులా తిప్పి, సస్పెన్షన్‌ను బాగా అదిమి చూడండి.

ఇప్పుడు అవే మూడు ప్రయాణాలు, వీలైనంతవరకు అదే వేళకు, అదే వేగంతో, అదే బరువుతో చేయండి. రహదారి మీద పది నిమిషాలకోసారి ఆగి కొలవండి. 130 డిగ్రీలు కనిపిస్తే పరీక్షను అక్కడితో ఆపి, రేకును విప్పి, ఇంజన్ చల్లబడ్డాక నెమ్మదిగా ఇంటికి రండి. మీకు కావలసిన జవాబు అప్పటికే వచ్చినట్టు. రేకు వెనక నుంచి కొంత వేడి ఎలాగూ బయటికి పోతుంటుంది కనుక, నిజంగా తీసేసినప్పుడు అంకె దీనికన్నా కొంచెం ఎక్కువే ఉంటుందని గుర్తుంచుకోండి.

మేలో కొలవడం కుదరకపోతే జనవరిలోనైనా కొలవవచ్చు. గాలితో చల్లబడే ఇంజన్‌లో బయటి వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే ఆయిల్ వేడీ దాదాపు అన్ని డిగ్రీలే పెరుగుతుంది. 30 డిగ్రీల మధ్యాహ్నం 112 వచ్చిందనుకుంటే, 42 డిగ్రీల ఎండలో 124 వస్తుందని వేసుకోండి. పలమనేరు, మదనపల్లె వైపు చల్లని ఊళ్లలో ఉండేవారు కూడా కిందికి వచ్చే ప్రయాణాల కోసం ఈ కూడికను చేసుకోవాలి. హార్స్‌లీ హిల్స్ మీద తీసుకున్న అంకెను చూసి శ్రీకాళహస్తి ఎండకు తీర్పు చెప్పకూడదు.

అంకెలను ఎలా చదవాలి

అడుగు భాగంలో ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే ఇంజన్ హాయిగా ఉన్నట్టు. 120 దాకా వచ్చినా మంచి ఆయిల్‌కు ఇబ్బంది లేదు. 120, 130 మధ్య ఎక్కువసేపు నిలిస్తే ఆయిల్ మార్చే గడువును తగ్గించుకోవాలి, ఎందుకంటే ప్రతి 10 డిగ్రీలకూ ఆయిల్ చెడిపోయే వేగం సుమారు రెట్టింపవుతుందన్నది స్థూలంగా వాడే లెక్క. అడుగున 130 ఉందంటే పిస్టన్ రింగుల దగ్గరా, హెడ్‌లోనూ ఇంకెంతో ఎక్కువ ఉన్నట్టు, అక్కడ మినరల్ ఆయిల్ పలుచబడి పొర తెగిపోయే ప్రమాదం ఉంది.

అటువైపు చల్లదనానికీ ఒక హద్దు ఉంది. అరగంట నడిపినా ఆయిల్ 80 దాటకపోతే అది మెచ్చుకోదగిన సంగతి కాదు. మంట నుంచి ఆయిల్‌లోకి చేరే నీటి ఆవిరి బయటికి పోవాలంటే ఆయిల్ బాగా వేడెక్కాలి. పోకపోతే ఆయిల్ పోసే మూత లోపల మజ్జిగ మీది నురగలాంటి తెల్లని పూత కనిపిస్తుంది. ఇంటి నుంచి ఆఫీసుకు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో, థర్మోస్టాట్ (ఆయిల్ వేడెక్కేదాకా దాన్ని కూలర్‌కు పంపని కవాటం) లేని కూలర్ చలికాలపు ఉదయాల్లో ఇలాంటి హానే చేస్తుంది.

కాబట్టి నా తీర్పు ఇది. రేకు కప్పినప్పుడు రహదారి అంకె, ఎండాకాలపు కూడికతో కలిపి, 120 లోపే ఉండి, మీరు ఎక్కువగా ఊళ్లోనే తిరుగుతూ అప్పుడప్పుడు కొండకు వెళ్లేవారైతే కూలర్‌ను తీసేసినా నష్టం లేదు. 120 దాటితే, లేదా నెలకు రెండుసార్లయినా చెన్నై, బెంగుళూరు దారి పట్టేవారైతే, దాన్ని బాగు చేయించి ఉంచుకోండి. నేను ఉంచుకున్నాను. చలికాలంలో మాత్రం ఆ రేకునే సగానికి కత్తిరించి, కూలర్‌లో సగభాగాన్ని కప్పుతున్నాను.

ఉంచేటట్లయితే

అరగంట నడిపి వచ్చిన వెంటనే గన్ థర్మామీటర్‌తో కూలర్‌కు వెళ్లే హోసునూ తిరిగి వచ్చే హోసునూ కొలవండి. తిరిగి వచ్చేది స్పష్టంగా తక్కువ చూపితే కూలర్ పనిచేస్తున్నట్టు. రెండూ సమానంగా వేడిగా ఉంటే రెక్కలు మూసుకుపోయాయి, రెండూ చల్లగా ఉంటే లోపల ఆయిల్ పారడం లేదు. రెక్కలను చల్లని ఇంజన్ మీద, సబ్బు నీళ్లతో, మెత్తని బ్రష్‌తో, వెనక నుంచి ముందుకు కడగండి. వాటర్ సర్వీసు వాళ్ల ప్రెజర్ గొట్టాన్ని దగ్గరికి రానివ్వకండి, ఆ ధాటికి రెక్కలు పడుకుంటాయి. పడుకున్నవాటిని పలుచని ప్లాస్టిక్ ముక్కతో ఓపికగా లేపండి.

చుక్కలు కారేది చాలాసార్లు కూలర్ నుంచి కాదు, హోసు చివరి బోల్టు దగ్గర అరిగిన వాషర్ నుంచి. ఒకసారి విప్పిన వాషర్‌ను మళ్లీ వాడకుండా, రెండు వైపులా కొత్తవి వేయండి. బిగింపు మాన్యువల్ చెప్పినంతే ఉండాలి, కారుతోంది కదా అని బలం చూపిస్తే అల్యూమినియం మరలు ఊడివస్తాయి. రబ్బరు పగిలిన హోసును మాత్రం మార్చాల్సిందే.

ఒక్క సందర్భంలో కూలర్ బయటికి బాగున్నా పారేయాలి. ఇంజన్ ఎప్పుడైనా పట్టేసి, బోరు చేయించి ఉంటే, అప్పటి లోహపు పొడి కూలర్ సన్నని దారుల్లో దాగి ఉంటుంది. ఎంత కడిగినా పూర్తిగా రాదు. కొత్త పిస్టన్ వేసి పాత కూలర్‌ను తగిలిస్తే ఆ పొడి నెమ్మదిగా కొత్త బేరింగులకు చేరుతుంది.

తీసేటట్లయితే

ఇక్కడే మొదటి మెకానిక్ సలహా ప్రమాదకరమవుతుంది. కొన్ని ఇంజన్లలో పంపు నుంచి వచ్చిన ఆయిల్ మొత్తం కూలర్ గుండా వెళ్లాకే క్రాంకుకూ హెడ్‌కూ చేరుతుంది. అలాంటి ఇంజన్‌లో రెండు దారులకూ బోల్టులు బిగిస్తే ఆయిల్ పంపు గోడను నెడుతూ ఉంటుంది, పైన హెడ్ ఎండిపోతుంది. మరికొన్నింటిలో కూలర్ పక్కదారిలో ఉంటుంది కాబట్టి మూసినా నష్టం లేదు. మీది ఏదో సర్వీస్ మాన్యువల్‌లోని ఆయిల్ ప్రవాహ చిత్రం చూసి తెలుసుకోండి. నా బండిలో ఆయిల్ మొత్తం కూలర్ గుండానే వెళ్తుందని ఆ చిత్రం చూశాకే తెలిసింది, అప్పటికి బోల్టులు కొనడానికి డబ్బులిచ్చి కుర్రాణ్ని పంపించి ఉన్నాను. చిత్రం దొరకకపోతే మీ బండిలోనూ అలాగే వెళ్తుందని భావించి, రెండు దారులనూ ఒకదానితో ఒకటి కలపండి.

కలపడానికి పెట్రోలు పైపూ క్లిప్పులూ పనికిరావు. ట్రాక్టర్లకు, జేసీబీలకు హైడ్రాలిక్ హోసులు బిగించి ఇచ్చే దుకాణంలో మీ పాత హోసు చివరలను చూపించి, అదే లోపలి వ్యాసంతో చిన్న హోసును చేయించుకోండి. మామూలు హైడ్రాలిక్ హోసు 100 డిగ్రీలకే ఉద్దేశించినది కాబట్టి, అంతకన్నా ఎక్కువ వేడిని తట్టుకునే రకాన్ని అడిగి తీసుకోండి. హోసు సైలెన్సర్‌కు దూరంగా, మడత పడకుండా, ఫ్రేముకు ఒరుసుకోకుండా ఉండాలి.

ఆయిల్ పోశాక, బండికి కిక్ ఉంటే, కిల్ స్విచ్‌ను ఆపి ఉంచి పది పదిహేనుసార్లు కిక్ కొట్టి దారులు నిండనివ్వండి. తర్వాత రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో నడపండి. హెడ్‌లో వాల్వుల దగ్గరుండే టాపెట్ల శబ్దం మామూలు కన్నా గట్టిగా వినిపిస్తే వెంటనే ఆపి, హెడ్‌కు ఆయిల్ చేరుతోందో లేదో చూడండి. అంతా బాగుంటే ఇంజన్‌ను ఆపి, కాసేపాగి, మట్టం చూడండి. కూలర్‌లో, పాత హోసుల్లో నిలిచే ఆయిల్ ఇప్పుడు అవసరం లేదు కాబట్టి మాన్యువల్‌లో రాసిన మొత్తం పోస్తే ఎక్కువవుతుంది, డిప్‌స్టిక్ గీత, అది లేకపోతే మట్టం చూపే అద్దం గీత ప్రకారమే నడవండి. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత రెండు బోల్టుల చుట్టూ పొడి గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూడండి.

తీసిన కూలర్‌లో ఆయిల్ మొత్తం కారనిచ్చి, రెండు మూతులకూ శుభ్రమైన ప్లాస్టిక్ మూతలు పెట్టి, గుడ్డలో చుట్టి దాచండి. మే నెల రాగానే పుత్తూరు దారిలో మరోసారి కొలవండి, మీ కూడిక తప్పి 120 దాటితే ఆ మూటను విప్పవలసి వస్తుంది.